మడి కట్టిన ప్రోబు

మా బావ తన ఆసిలోస్కోపుకి ఐసోలేటెడ్ ప్రోబు చేశాడు. స్టీలు పోపుల డబ్బాలో. మూత మీద పర్మనెంట్ మార్కరుతో ‘1000 వోల్టులు - సేఫ్’ అని రాసుకున్నాడు. బజారులో వేలు పోసి కొనే సరుకును ఐదారొందల్లో తేల్చేశానని ఊరంతా టముకు.

దీనికో పూర్వకథ ఉంది. ఇన్వర్టర్లూ టీవీలూ బాగుచేసే బావ, స్కోపు కొన్న వారానికే ఎస్‌ఎంపీఎస్ బోర్డు ప్రైమరీ వైపు దాని గ్రౌండు క్లిప్పు తగిలించాడు. ఆ క్లిప్పు నేరుగా గోడలోని ఎర్తుకే పోతుంది. బోర్డు మీదేమో 230 వోల్టుల కరెంటుని రెక్టిఫై చేస్తే వచ్చిన 325 వోల్టుల డీసీ. ఢాం! క్లిప్పు కొసన నల్లటి పూస మిగిలింది.

దీనికి మన మెకానిక్కు లోకంలో ఒకటే వైద్యం: స్కోపు ప్లగ్గుకి లావుపాటి మూడో పిన్ను పీకెయ్యడం. పీకాక ఢాం ఆగిపోయింది. ఎందుకాగదూ? ఇప్పుడు స్కోపు ఒళ్లంతా, సాకెట్ల చుట్టూ ఉన్న లోహపు కంకణాలతో సహా, బోర్డుతోపాటే కరెంటు పూనింది. బోర్డుని కొలవాల్సిన యంత్రం బావని కొలవడానికి కూచుంది. “నెలరోజులు వాడాను, ఏమైంది?” అనేవాడు. మోచేతి దాకా ఝల్లుమన్న రోజున పిన్ను మళ్లీ వచ్చింది, దాంతోపాటు ఈ డబ్బా.

డబ్బాలోకి ఐసోలేషన్ చిప్పు మాత్రం మంచిదే తెచ్చాడు. లోపల సిలికాన్ డయాక్సైడ్ గోడ, వేల వోల్టులు ఆపుతుంది. సిగ్నలు దాటుతుంది, కరెంటు దాటదు. మా అమ్మమ్మ మడి లాంటిది. తాకకుండానే ఇంటిల్లిపాదికీ వడ్డించేది ఆవిడ.

అలాంటి చిప్పుకి రెండు వైపులా 5 వోల్టులు కావాలి. రెండు వైపులకీ వేరువేరుగా. బావ ఒక్క ఫోను చార్జరు తెచ్చి, రెండు గ్రౌండులూ కలిపి ముడేశాడు, ఆ ముడిని డబ్బాకీ తగిలించాడు. మడి కట్టుకున్న అమ్మమ్మ కొంగు వీధికుక్క మెడకి కట్టినట్టు! “రెండో సప్లై దండగ కదరా” అన్నాడు.

చిప్పుకి ముందున్న రెసిస్టరు పది మెగా ఓములు, పావు వాటుది, ఒక్కటే. వెయ్యి వోల్టులకి దాని మీద పడేది పదో వంతు వాటేనని బావ లెక్క. లెక్క తప్పు కాదు. కానీ మామూలు పావు వాటు రెసిస్టరు తట్టుకునేది 250 వోల్టులు. వాట్లు చూసినవాడు వోల్టులు చూడలేదు. తెలిసినవాళ్లు అందుకే పది రెసిస్టర్లు వరసగా కడతారు, చిప్పు పొట్ట కింద బోర్డుకి గాడి కోస్తారు. బావ ఆ పొట్ట కిందుగానే సోల్డరు గీత లాగాడు. ఫ్లక్సు జిడ్డు కూడా తుడవలేదు.

ఇంట్లో ఏమీ చెయ్యకూడదని నేననను. చేతులున్నది చెయ్యడానికే. కానీ పేరు పెట్టగానే గుణం వచ్చేస్తుందనుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

“బావా, దేని మీద పరీక్షించావు?”

“తొమ్మిది వోల్టుల బ్యాటరీ మీద. పాయింటుతో సహా చూపించింది.”

ఇంతలో అక్క వంటింట్లోంచి మైక్రోవేవ్ ఓవెన్ వేడెక్కట్లేదని కేకేసింది. దాని ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చేది సుమారు 2000 వోల్టులు బావా, అన్నాను.

బావ ఒక్క క్షణం ఆలోచించాడు. జేబులోంచి మార్కరు తీసి, మూత మీది ఒకటిని రెండుగా దిద్దాడు.