ఫ్రెషర్ రెజ్యూమేకు బాలబోధినీ వ్యాఖ్య

అవతారిక

చెడ్డ వ్యాఖ్యానాల విషం తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని, దాన్ని లేపడానికే తన టీకకు ‘సంజీవని’ అని పేరు పెట్టాడు కోలాచలం మల్లినాథసూరి. ఆయనది మనకు దూరపు ఊరేం కాదు, మెదక్ జిల్లా కొల్చారం. సికింద్రాబాద్‌లో పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల వేళకు ముందే చేరొచ్చు. ఆయన పేరు చెప్పుకుని నేను చేపట్టిన గ్రంథం చాలా చిన్నది. ఒకటే పేజీ, ఏ ఫోర్ సైజు, అంచుకు నల్లగీత.

ఇది మూర్ఛపోయింది వ్యాఖ్యానాల వల్ల కాదు, పెన్‌డ్రైవ్‌ల వల్ల. ఏ సీనియరో ఏ జూనియర్‌కో ఇచ్చాడు, ఆ జూనియర్ తన రూమ్మేట్‌కి పంపాడు. ఆఖరికి నెట్ సెంటర్ అన్న “నీ పేరు, ఫోన్ నంబరు చెప్పు తమ్మీ” అని పై రెండు వరసలు మార్చి ప్రింటు తీసి చేతిలో పెట్టాడు. వేదాల్లాగే ఇదీ అపౌరుషేయం. ఎవరూ రాయలేదు, అందరి దగ్గరా ఉంది.

మల్లినాథుడు టీక మొదలుపెట్టేముందే ఒక పూచీ పడ్డాడు: మూలంలో లేనిదాని జోలికి పోననీ, అక్కర్లేని మాట ఎత్తననీ. మన ఫ్రెషరూ పూచీ పడతాడు, కాకపోతే పేజీ అడుగున. దాన్ని పైకి లాగి ముందుగానే వ్యాఖ్యానిస్తున్నాను. క్రమభంగ దోషం నాకు అంటదు, ఎందుకంటే అసలు మూలానికే క్రమం లేదు.

మూలం: ఐ హియర్‌బై డిక్లేర్ దట్ ద అబవ్ పర్టిక్యులర్స్ ఆర్ ట్రూ టు ద బెస్ట్ ఆఫ్ మై నాలెడ్జ్ అండ్ బిలీఫ్.

ప్రతిపదార్థం: ఐ = నేను; హియర్‌బై = ఇందుమూలముగా; డిక్లేర్ = ప్రకటించుచున్నాను; దట్ = ఏమనగా; ద అబవ్ పర్టిక్యులర్స్ = పైన నేను రాయని వివరాలన్నీ; ఆర్ ట్రూ = సత్యములు; టు ద బెస్ట్ ఆఫ్ మై నాలెడ్జ్ = నాకున్న కొద్దిపాటి జ్ఞానం మేరకు; అండ్ బిలీఫ్ = మిగతాది దేవుడి మీద భారం వేసి.

తాత్పర్యం: పైనున్నదంతా నాదేనని నాకు తెలిసినంతలో నేను నమ్ముతున్నాను.

ఇక్కడ పూర్వపక్షి లేచి, “అన్నా, గిది అందరు పెడ్తరు. ఎవడు సద్వుతడు?” అంటాడు. ఎవరూ చదవరు, ఒప్పుకుంటాను. కానీ కింద సంతకం నీది. ఆ సంతకంతో పైనున్న ప్రతి మాటనూ ప్రశ్నించే హక్కు ఎదుటివాడికి రాసిచ్చావు. ‘సీ, సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్, ఒరాకిల్’ అని అయిదు పేర్లు వరసగా పెట్టావనుకో. నీకు బాగా వచ్చినదాన్నే అడగమని ప్యానెల్‌కి ఎవరూ చెప్పలేదు. వాళ్ల వేలు ఏ రెండు రోజుల వర్క్‌షాపులోనో పేరు మాత్రం విన్న అయిదోదాని మీద పడుతుంది. కొలత ఒకటే చెబుతాను: దేని గురించి కాగితం చూడకుండా పది నిమిషాలు మాట్లాడగలవో అది ఉంచు. మిగతావి తీసెయ్. పేజీ సగం ఖాళీ అవుతుందా? కానీ.

ఎలా తేల్చుకోవాలి అంటే, పాత పండితుల దగ్గర ఖండాన్వయం అని ఒక పద్ధతి ఉంది. శ్లోకాన్ని తిన్నగా అప్పజెప్పరు, ప్రశ్నలతో తవ్వుతారు. క్రియ పట్టుకుని: ఎవరు చేశారు? అతడు ఎటువంటివాడు? దేన్ని చేశాడు? దేనితో? ఎందుకు? ప్రశ్నకు జవాబుగా ఒక్కో మాటా తన చోటికి వచ్చి కూర్చుంటుంది. రెజ్యూమే పక్కన పెట్టుకుని ఇదే పని చెయ్యి. ‘డెవలప్డ్ ఎ వెబ్‌సైట్’ అని ఉంది. ఎవరు డెవలప్ చేశారు? నలుగురు. అందులో నీ వంతు ఏది? దేనితో? ఆ డేటాబేసే ఎందుకు, ఇంకోటి ఎందుకు కాదు? ఎవరైనా వాడారా? ఎక్కడ ఆగిపోయింది, ఎలా బాగుచేశావు? ఈ ప్రశ్నలు ఇంట్లో అడుక్కుంటే చదువు, ప్యానెల్ ముందు మొదటిసారి వింటే చెమట. సబ్జెక్టు చదవడానికీ ఇదే దారి. పుస్తకం మూసి, ‘ఎందుకు’ అని అయిదుసార్లు అడిగి, మూడోసారికే నోరు మూతపడితే ఆ పాఠం ఇంకా రాలేదన్నమాట. అండర్‌లైన్లు గీయడం వల్ల పుస్తకం అందంగా తయారవుతుంది, అంతే.

మూలం: ఆబ్జెక్టివ్ – టు వర్క్ ఇన్ ఎ చాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్ వేర్ ఐ కెన్ యుటిలైజ్ మై స్కిల్స్ ఫర్ ద గ్రోత్ ఆఫ్ ద ఆర్గనైజేషన్.

పాఠాంతరం: ‘చాలెంజింగ్’ అనే చోట ‘చేంజింగ్’ అని కొన్ని ప్రతులలో. అదే సాధుపాఠమేమో, ఆ మాటలో కొంత నిజమైనా ఉంది.

విశేషం: ఇందులో క్రియ ఉంది, కర్మ ఉంది, ఉద్యోగం పేరు లేదు. బ్యాంకుకి ఇచ్చినా, ఆసుపత్రికి ఇచ్చినా, బిస్కట్ల ఫ్యాక్టరీకి ఇచ్చినా అతికిపోతుంది. ఇలా ఎక్కడైనా అతికేదాన్ని ఏ ప్యానెలూ తమకోసం రాసిందనుకోదు. అడిగే ఉద్యోగం పేరు, దానికి నువ్వు పనికొస్తావనడానికి ఒక రుజువు, ఈ రెండూ కలిపి ఒక్క వాక్యం రాయి. రాయలేకపోతే ఆ శీర్షికే కొట్టెయ్.

‘నీకీ పని ఎందుకు కావాలి’ అనే ప్రశ్నకు మంచి జవాబు వినబడిన చోటు మన ఊళ్లోనే ఉంది. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో వివేకానందుడు ఇంగ్లీషులో ఉపన్యసించాడు. విషయం ‘మై మిషన్ టు ద వెస్ట్’. అంటే, పడమటి దేశాలకు నేనెందుకు వెళ్లాలనుకుంటున్నాను అన్నదే. వెయ్యిమందికి పైగా కూర్చుని విన్నారు. షికాగో సభ సెప్టెంబరు 11న, అప్పటికింకా దాదాపు ఏడు నెలలుంది. షికాగోది ఫైనల్ రౌండు అయితే సికింద్రాబాద్‌ది మాక్ ఇంటర్వ్యూ అని నా మతం. వేదాంతులు కోప్పడితే పడనీ. అంతటి వక్త కూడా సముద్రం దాటకముందే తన ఉద్దేశాన్ని బయటి జనం ముందు గొంతెత్తి చెప్పి చూసుకున్నాడు. మనవాడు మాత్రం జవాబులన్నీ మనసులోనే చెప్పుకుంటాడు. మనసులో అందరి ఇంగ్లీషూ బ్రహ్మాండంగానే ఉంటుంది. గదిలో ఇద్దరిని కూర్చోబెట్టి చెప్పు, ఫోన్‌లో రికార్డు చేసి విను. మొదటిసారి విన్నాక భోజనం సహించకపోవచ్చు. అయినా రెండోసారి విను.

మూలం: మై నేమ్ ఈజ్ ఫలానా, మై ఫాదర్ నేమ్ ఈజ్ ఫలానా, దేర్ ఆర్ ఫోర్ మెంబర్స్ ఇన్ మై ఫ్యామిలీ.

ఇది కాగితం మీద లేదు, మౌఖిక పరంపర. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే అవతరిస్తుంది. మన ప్రబంధాల్లోనూ కథ మొదలయ్యేముందు వంశవర్ణన ఉంటుంది, నిజమే. కానీ గమనించు, కవి తన వంశం గురించి నాలుగు ముక్కల్లో ముగించి, కృతిపతి వంశాన్ని విస్తారంగా వర్ణించేవాడు. నువ్వు తారుమారు చేశావు. నీ తండ్రిగారి ఉద్యోగం, తమ్ముడి తరగతి అన్నీ చెప్పి, నీ కృతిపతి అయిన కంపెనీ ఏం తయారుచేస్తుందో, ఎవరికి అమ్ముతుందో తెలియకుండా లోపలికి వచ్చావు. కంపెనీ వెబ్‌సైటు ముందురోజు రాత్రి ఒక గంట చదవాలి. ఉద్యోగ ప్రకటనలో ఏయే పనులు రాశారో వాటిలో రెండింటికి నీ చదువులోంచో ప్రాజెక్టులోంచో ఉదాహరణ దొరకబుచ్చుకోవాలి. అప్పుడు జవాబు దానంతటదే కుదురుతుంది: ఏం చదివావు, దానితో ఏం చేశావు, ఇక్కడికెందుకు వచ్చావు. నిమిషన్నర చాలు. పెళ్లిచూపుల్లో పనికొచ్చే సమాచారం పెళ్లిచూపులకు దాచిపెట్టు.

ఇక ప్రాజెక్టు అనే సర్గ. అమీర్‌పేటలో టైటిల్‌తో, బైండింగ్‌తో, పవర్‌పాయింట్‌తో సహా అమ్మకానికి దొరికే వస్తువు ఇది. రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో కవులు చేసే దొంగతనాలను శబ్దహరణం, అర్థహరణం అని విడదీసి చర్చించాడు. ఇక్కడ శబ్దమూ అర్థమూ రెండూ పోయాయి, మిగిలింది అట్ట మాత్రమే. నీతులు చెప్పను. కొన్నవాడికి ఇంకా ఒక దారి ఉంది: అందులోంచి ఒక చిన్న ముక్క, లాగిన్ పేజీయో, బిల్లు లెక్కకట్టే భాగమో, తీసుకుని మొదటి నుంచి సొంతంగా కట్టు. పగలగొట్టి మళ్లీ కట్టు. ఆ ముక్క గురించి మాట్లాడేటప్పుడు నీ గొంతు మారుతుంది. ఎదుటివాళ్లు దాన్ని పట్టుకుంటారు.

మూలం: వీక్‌నెస్ – ఐ యామ్ ఎ పర్ఫెక్షనిస్ట్.

అలంకారం: వ్యాజస్తుతి. పైకి నింద, లోపల పొగడ్త. పాపం, ప్యానెల్ వాళ్లు పొద్దుట్నుంచీ ఈ అలంకారాన్నే ఆస్వాదిస్తూ ఉంటారు. నిజమైన బలహీనత ఒకటి, దానికి నువ్వు చేస్తున్న పని ఒకటి చెబితే చాలు. ‘గుంపులో మాట్లాడాలంటే బెదురు, అందుకని ఈ సెమిస్టర్ సెమినార్ నేనే అడిగి తీసుకున్నాను’ అంటే ఎవరూ ఉద్యోగం ఇవ్వనని వెళ్లగొట్టరు.

హాబీస్ గురించి: ‘రీడింగ్ బుక్స్’ అని రాసినవాణ్ణి ఆఖరికి చదివిన పుస్తకం అడుగుతారు. తెలిసిందిగా.

మూలం: లాంగ్వేజెస్ నోన్ – తెలుగు, హిందీ, ఇంగ్లీష్.

పూర్వపక్షి మళ్లీ లేచాడు. “అన్నా, అసలు పరేషాన్ ఇంగ్లీషే గదా. టెక్నికల్ మస్తొస్తది, నోరు రాదు.” ఈ మాటలో సగమే నిజం. మోండా మార్కెట్లో తెలుగులో బేరం మొదలుపెట్టి, హిందీలో గట్టిపడి, దక్కనీలో తేల్చుకొచ్చేవాడికి కమ్యూనికేషన్ రాదంటే నేను నమ్మను. అక్కడ నీకు ఏం కావాలో నీకు తెలుసు, ఎదుటివాడి మొహం చూస్తూ మాట మారుస్తావు. ఇంటర్వ్యూలో మొహం చూడవు, వాక్యం చూసుకుంటావు. పొడుగు వాక్యం మొదలుపెట్టి మధ్యలో క్రియ దొరక్క వెతుక్కుంటావు. చిన్న వాక్యాలు చాలు. ఒక వాక్యానికి ఒక సంగతి. సంస్కృత కవులు పాదంలో అక్షరాలు తక్కువైతే చ, వై, తు, హి అని అర్థంలేని మాటలు వేసేవారు, వాటిని పాదపూరణాలంటారు. మనవాళ్ల ‘యాక్చువల్లీ’, ‘బేసికల్లీ’, ‘లైక్’ ఆ గోత్రానివే. కవికి ఛందస్సు బాధ ఉంది. నీకేం ఉంది? ఊరికే ఆగు. రెండు క్షణాల మౌనం నీకు యుగంలా ఉంటుంది, వాళ్లకి మాత్రం ఆలోచిస్తున్నాడు అనిపిస్తుంది.

మూడోసారి లేచినవాడు ఇంకొకడు. “నేను రైల్వేకి ప్రిపేరయితున్న. నాకీ లొల్లి లేదు.” సికింద్రాబాద్‌లో ఈ మాట వినిపించకపోతేనే ఆశ్చర్యం. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి ఇక్కడ కొలువుదీరింది. దాని ప్రధాన కార్యాలయం రైల్ నిలయం వైపు చూస్తూ పెరిగిన ఇళ్లు ఎన్నో. అతడన్నదీ నిజమే. కేంద్ర ప్రభుత్వం గెజిటెడ్ కాని కింది స్థాయి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు ఎత్తేసింది. రైల్వే ఎన్‌టీపీసీ పరీక్ష మొదటి దశలో 90 నిమిషాలు, 100 ప్రశ్నలు, తప్పుకి మూడోవంతు మార్కు కోత. ఇక్కడ కొంచెం లెక్క చూడు. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి నొక్కితే, నాలుగింట ఒకసారి ఒక మార్కు వస్తుంది, మూడుసార్లు మూడోవంతు చొప్పున అదే మార్కు పోతుంది. సగటున మిగిలేది సున్నా. పైగా టైము పోయింది. కానీ ఒక్క ఆప్షన్ తప్పని గట్టిగా తెలిస్తే మిగిలిన మూడింటిలో గురిపెట్టడం లాభమే, సగటున ప్రశ్నకు తొమ్మిదోవంతు మార్కు. రెండు తప్పని తెలిస్తే మూడోవంతు. కాబట్టి గుడ్డిగా వెయ్యకు, కొంత తెలిస్తే వదలకు. ఇంటర్వ్యూ ఉన్నవాళ్లకీ లెక్క ఇదే. ఏమీ తెలియనప్పుడు ‘తెలియదు సార్’ అంటే పోయేదేం లేదు. కొంత తెలిస్తే ‘పూర్తిగా తెలియదు, నాకు తెలిసినంతవరకు ఇలా ఉండొచ్చు’ అని చెప్పి చూడు. అల్లిచెబితే మాత్రం అప్పటిదాకా సంపాదించిన మార్కులు కూడా కరిగిపోతాయి.

మూలం: ప్లేస్ – సికింద్రాబాద్. డేట్ – .........

డేట్ దగ్గర చుక్కలే శాస్త్రసమ్మతం. పోయిన నెల తేదీ అచ్చేసి ఉంటే పోయిన నెల ఎక్కడెక్కడ తిరిగివచ్చావో వాళ్లు ఊహించుకుంటారు. పొద్దున పెన్నుతో తేదీ వెయ్యి, సంతకం మరిచిపోకు, రెండు కాపీలు పట్టుకో. పరేడ్ గ్రౌండ్ దగ్గర మెట్రో బ్లూ లైన్ ఎక్కితే మారే పనిలేకుండా హైటెక్ సిటీలో దిగొచ్చు. అరగంట ముందు చేరి నీడన కూర్చుని మొహం తుడుచుకుంటే చాలు. మూడు గంటల ముందు వెళ్లి గేటు దగ్గర నిలబడటం శ్రద్ధ అనిపించుకోదు, సెక్యూరిటీ ఆయనకు ఇబ్బంది.

ఆ గేటు దగ్గర ఇంకో గ్రంథం ఉంటుంది. అట్ట చిరిగిన రిజిస్టరు, దారంతో కట్టిన పెన్ను. నేమ్, ఫ్రమ్, టు మీట్, పర్పస్, ఇన్ టైమ్ అని గళ్లు. ‘టు మీట్’ దగ్గర చాలామంది ఆగిపోతారు, పిలిచిన మనిషి పేరు చూసుకోలేదు కాబట్టి. ఈమెయిల్‌లో చివర ఉంటుంది, ముందే రాసుకో. ‘పర్పస్’ గడిలో మాత్రం ఎవరూ తడబడరు. ఏ సీనియర్‌నీ అడక్కుండా, ఏ పెన్‌డ్రైవూ లేకుండా, సొంత దస్తూరీతో ఒక్క మాట రాసి లోపలికి నడుస్తారు.

మూలం: ఇంటర్వ్యూ.

వ్యాఖ్య: స్పష్టం.