నిటారుగా కూర్చోకండి: మగ్గం దగ్గర ఎదురు సలహాలు

పెద్దాపురంలో పట్టు పంచె నేసే గుంట మగ్గం ఎక్కిన వాడికి సలహాలకు కొదవుండదు. నడుం నిటారుగా పెట్టు, కదలకుండా కూర్చో, పని ఊపందుకున్నాక లేవకు, నొప్పొస్తే అప్పుడు చూసుకుందువుగాని. వీటన్నిటికీ ఎదురు చెప్పడానికే ఇది రాస్తున్నాను. వినడానికి పెడసరంగా ఉన్నా పాటించమనే చెబుతున్నాను.

ముందుగా, నిటారుగా బిగుసుకుపోకండి. నిండు చెంబును చెయ్యి చాచి పట్టుకుని నిలబడి చూడండి. పనేమీ జరగదు, అయినా కాసేపటికే చెయ్యి వణుకుతుంది. బిగబట్టిన కండరంలో నెత్తురు సరిగా ఆడదు, అలసట అక్కడే పేరుకుంటుంది. వీపును బిగబట్టినా జరిగేది అదే. అలాగని పగలంతా పడుగు మీదకు వాలిపొమ్మనడం లేదు. స్వీడన్ వైద్యుడు నాకెమ్సన్ 1960లలో మనుషుల వెన్నులోకి సూది దించి కొలిచాడు. నిలబడ్డప్పటికంటే ముందుకు వంగి కూర్చున్నప్పుడే వెన్నుపూసల మధ్య ఒత్తిడి ఎక్కువని తేలింది. బుటాలను చేత్తో దూర్చే ఉప్పాడ జాందానీ నేతగాళ్లకు వంగక తప్పదు. వంగండి, కానీ వంగినచోటే ఉండిపోకండి. వెనక్కి వాలండి, పక్కకు జరగండి. ఒకే భంగిమలో ఉండిపోతే ఎంత మంచి భంగిమైనా చెడ్డదే.

పని జోరుగా సాగుతున్నప్పుడే లేవండి. పంచెకింత అని కూలి ముట్టేచోట ఈ మాట ఎవరికీ నచ్చదు, ఆ బాధ నాకు తెలుసు. కానీ అలసిన చేతికే పోగులు తెగుతాయి. తెగిన పోగు వెతికి అతికే సమయం కూలి లెక్కలోకి రాదు. అందుకే రోజంతటికీ సరిపడా కండెలు పక్కన పోసుకోకండి. కొన్నే పెట్టుకోండి. అవి అయిపోగానే గుంటలోంచి పైకొచ్చి, నాలుగడుగులు నడిచి, మిగతావి తెచ్చుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, మనిషిని మగ్గానికి సర్దకండి. తండ్రి ఎత్తుకు వేసిన చెక్క మీదే పొడుగాటి కొడుకు కూర్చుంటాడు. మోకాళ్లు పైకి లేచి, నడుం గుండ్రంగా వంగిపోతుంది. పొట్టివాళ్లకైతే కాలు అందక, మునివేళ్లతో తొక్కుతూ తుంటి ఒరిగిపోతుంది. ఇలాంటివాళ్లకు సరిగా కూర్చోమని చెప్పడం అన్యాయం. చెక్క ఎత్తు, తొక్కుడు కర్ర దూరం మార్చాలి. అందుకు కావలసింది నాలుగు చెక్క ముక్కలూ ఒక వడ్రంగీ.

అమెరికాలో తాపీ పనివాడిగా మొదలైన ఫ్రాంక్ గిల్‌బ్రెత్ చేసింది ఇదే. ఇటుక కోసం మేస్త్రీ ప్రతిసారీ నేలదాకా వంగకుండా, గోడతోపాటు ఎత్తు పెరిగే సారువ కట్టించాడు. ఇటుకకు 18 కదలికలు పట్టేది అయిదుకు దిగింది, గంటకు 120 ఇటుకలు పేర్చేవాళ్లు 350 పేర్చారని లెక్క. మన దగ్గరా దీటైన ఉదాహరణ ఉంది. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే మేకుల చుట్టూ పోగు తిప్పాలంటే, చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పనితో అమ్మ లక్ష్మి భుజం పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. చెయ్యి ఎలా ఆడించాలో అమ్మకు నేర్పబోలేదు, ఆ పనినే చేతి మీదనుంచి తప్పించారు.

రాట్నం ముందు నేల మీద కూర్చుని కండెలు చుట్టే ఆడవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. రాట్నాన్ని బల్ల మీదకెత్తి, వాళ్లకు వీపు ఆనించుకునే కుర్చీ వేయండి. కాలు తిమ్మిరెక్కి తగ్గకపోతే ఏ నూనో రాసుకుని ఊరుకోక వైద్యుడి దగ్గరకు వెళ్లండి.

సొసైటీ పెద్దలకూ మాస్టర్ వీవర్లకూ ఒక్క మనవి. ఈసారి కొత్త అచ్చుకో కొత్త డిజైనుకో డబ్బు తీసినప్పుడు, ప్రతి మగ్గానికీ ఎత్తు మార్చుకోగలిగేలా కూర్చునే చెక్క కూడా వేయించండి. ఎత్తు ఎంత ఉండాలో మగ్గం ఎక్కే మనిషినే అడగండి.