తెల్లకాగితపు ఆత్మకథ

పూర్వజన్మమున నేను జామాయిల్ వృక్షమును. గోదావరి దక్షిణతీరమందలి సారపాకలో 1979వ సంవత్సరము మొదలు పనిచేయుచున్న కాగితపు మిల్లులో నా దేహము ముక్కలై, ఉడికి, గుజ్జై, తెల్లబడి, ఉరుళ్ల నడుమ నలిగి కాగితమైనది. నా తోబుట్టువులలో కొందరు పాఠ్యపుస్తకములైరి, కొందరు శుభలేఖలైరి. నాకు మాత్రము ఇంటి క్రయపత్రమగు యోగము పట్టినది.

మిల్లు కొలువు విరమించి క్వార్టరు ఖాళీ చేయవలసిన పెద్దమనిషి యొకడు, వాకిట వేపచెట్టును పెరట బోరును గల రెండు గదుల ఇంటిని మెచ్చి, పి.ఎఫ్. సొమ్ములో కొంత బయానాగా నిచ్చి, నాపై సంతకము చేసెను. ఆయన ఇల్లాలు అప్పుడే తులసికోటకు చోటు నిర్ణయించెను. "ఇక్కడ అన్నీ తెల్లకాగితాల మీదే నడుస్తయి సార్, ఏం ఫికరు లేదు" అని మధ్యవర్తి పలికినంతనే నేనును గర్వముతో ఉబ్బిపోయితిని.

తక్కిన సొమ్మునకు కుమారుని పేర అప్పు అడుగబోగా, బ్యాంకు అధికారి నన్ను అటునిటు త్రిప్పి, "రిజిస్టరు దస్తావేజేదండీ?" అనెను. సారపాక షెడ్యూల్డు ప్రాంతము. 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణ ఏజెన్సీకిని విస్తరించినది. జనులు '1/70' అని పిలుచు 1970 నాటి సవరణ పిదప, ఇచటి స్థిరాస్తిని గిరిజనునికో, గిరిజనులే సభ్యులైన సహకార సంఘమునకో తప్ప అన్యులకు బదలాయించిన చెల్లదు. అమ్మువాడు గిరిజనేతరుడైనను ఇదియే నియమము. 1988లో సుప్రీంకోర్టు సైతము దీనిని సమర్థించినది.

ఆ రాత్రి ఆయన అన్నము ముట్టలేదు. "పైసలు మనయి, అమ్మేటోడు అమ్ముతనంటడు, నడుమ ఈ చట్టమేంది?" అని చాలదినములు అందరితోను వాదించెను. ఎదురింటి కోయపెద్ద ఆ వాదమును ఓపికగా విని, ఒకనాడు మెల్లగా ననెను: "మా తాత ఉప్పుకు, బట్టకు బాకీపడి వేలిముద్ర ఏసిండయ్యా. ఆరెకరాల చెలక పోయింది. ఆ ముద్ర ఏసింది గూడ గిసొంటి తెల్లకాగితం మీదనే."

అది విని పెద్దమనిషి మాటాడలేకపోయెను, నేను సిగ్గుపడితిని. అప్పటివరకు నన్ను నిష్ప్రయోజనమని నిందించిన చట్టము, నా జాతి మునుపు నిర్వహించిన ప్రయోజనమును ఎరిగియే నన్ను నిరాకరించినదని నాకు బోధపడినది. ఇంటిమీది ఆశ దానితో చావలేదు. ఆ ఇల్లాలు ఆ వీధిని పోవునప్పుడెల్ల వేపచెట్టువైపు చూచుట మానలేదు. కాని కారణము తెలియని నిరాశ కనబడినవారినెల్ల శత్రువులుగా చూపును. తెలిసినదియో, దుఃఖమును మిగిల్చి కోపమును తీసికొనిపోవును. కోపము తొలగినవాడు లెక్కలు సరిగా వేసికొనగలడు. ఆయనయు అట్లే, విక్రేతతో తగవుకు దిగక బయానాను వాయిదాలమీద రాబట్టుకొని, షెడ్యూల్డు ప్రాంతమునకు వెలుపలనున్న ఖమ్మము పట్టణమున, దస్తావేజు చేయించుకొనదగిన చిన్న ఇంటిని వెదకికొనెను.

వాయిదా ముట్టినప్పుడెల్ల నా వీపున వ్రాసికొనిరి. ఇల్లు ఇప్పించుటకు నాకు అధికారము లేకపోయెను గాని, మాటమీద నిలిచిన యిద్దరి నడుమ సొమ్ము తిరిగివచ్చుటకు సాక్షినైతిని. తెల్లకాగితమునకు ఈ సీమలో అంతకుమించిన పదవి ఉండకుండుటయే న్యాయము.