క్యాలెండరు మీద గీతలు

ఏర్పేడులో మా ల్యాబు గోడకు టీటీడీ క్యాలెండరు ఒకటి వేలాడుతుండేది. రెండు రోజులకొకసారి తారీకు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేదాన్ని. ఆ రోజు హీలా కణాలకు మీడియం మార్చాలి. ఆలస్యమైతే ఫ్లాస్కులో గులాబీరంగు ద్రవం పులిసి పసుపుకు తిరుగుతుంది. ఆ రంగు చూడలేక సంక్రాంతికి కూడా ఊరికి పోలేదు.

నా సున్నాల పక్కన కొన్ని తారీకుల కింద పెన్సిల్ గీతలుండేవి. ల్యాబు ఊడ్చే అక్క గీసేది. నీళ్ళ క్యాన్లు దింపించుకునేది కూడా ఆమే.

"క్యాన్ల లెక్కా అక్కా?" అని ఒకసారి అడిగాను.

"ఊఁ" అంది. అంతటితో వదిలేశాను.

ఒకరోజు తడిగుడ్డ చేత్తో పట్టుకుని నా వెనక నిలబడింది.

"మూడేండ్లుగా చూస్తా ఉండా. దాంట్లో ఏముండాది పాపా?"

మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి చెప్పాను. 1951లో అమెరికాలో, బాల్టిమోర్‌లోని ఒక ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే ఆమె గర్భసంచి ముఖద్వారం నుంచి తీసిన కణాలివి. ఆమెను అడగకుండానే తీశారు. అదే ఏడు అక్టోబరులో, 31 ఏళ్ళకే ఆమె పోయింది. కణాలు మాత్రం ఇప్పటికీ పెరుగుతూనే ఉన్నాయి.

"ఇవెందుకు సావవు?"

ఎవరడిగినా నేను అలుపు లేకుండా చెప్పే సంగతి అది. కణం కేంద్రకంలో పీ53 అనే ప్రొటీన్ కావలి ఉంటుంది. డీఎన్‌ఏ దెబ్బతింటే కణాన్ని విభజన కాకుండా ఆపుతుంది. బాగుపడదనుకుంటే చంపేస్తుంది. ఈ కణాల్లో హెచ్‌పీవీ-18 అనే వైరస్ దూరింది. దాని ఈ6 ప్రొటీన్ కావలివాణ్ణి తన చేత్తో చంపదు. ఈ6ఏపీ అనే ఎంజైమును, అంటే కణం సొంత మనిషినే, వెంటబెట్టుకొచ్చి కావలివాడి ఒంటికి 'పారెయ్యండి' అన్న గుర్తు అంటించేలా చేస్తుంది. ఆ గుర్తు చూసి కణమే వాణ్ణి ముక్కలు చేసుకుంటుంది. ఈ7 అనే ఇంకో ప్రొటీన్ ఆర్‌బీ అనే రెండో కాపలాను పట్టుకుని పని చెయ్యనివ్వదు.

హీలా కణాల్లో పీ53 జన్యువు చెక్కుచెదరలేదు. కావలివాడు పుడుతూనే ఉంటాడు, పుట్టినవాడు పుట్టినట్టే పోతుంటాడు. ఈ6, ఈ7 తయారీని ఆపితే మళ్ళీ లేచి నిలబడతాడు. ఆ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

"వైరస్ దూరిన వెంటనే జబ్బు రాదక్కా, ఏండ్లు పడుతుంది. ముందే పరీక్ష చేయించుకుంటే నయం చేయొచ్చు" అన్నాను.

అక్క ఇంకోసారి కన్ను ఆనించి చాలాసేపు చూసింది.

"ఆసుపత్రికి పోకముందు ఆయమ్మకు ఏం కనిపించింది పాపా?"

"నెలసరి కాని రోజుల్లో రక్తం."

అక్క లేచి గుడ్డ బకెట్లో వేసింది. చీరకు చేతులు తుడుచుకుని క్యాలెండరు దగ్గరికి పోయింది. ఆ నెల కాగితం ఎత్తింది. పోయిన నెల. అంతకుముందు నెల. ప్రతి కాగితం మీదా నా సున్నాల కంటే గీతలే ఎక్కువున్నాయి.

"ఇంట్లో గీస్తే అందరూ అడుగుతారని ఈడ గీసుకుంటా ఉండా" అంది. "ఇవి క్యాన్ల లెక్క గాదు పాపా."