గౌరవప్రతి గారు

సీతాఫల్‌మండి, చిలకలగూడ, పద్మారావునగర్, మారేడ్‌పల్లి... సికింద్రాబాద్‌లో ఏ పేటకి వెళ్లినా ఒక గౌరవప్రతి గారు తగులుతారు. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంటుంది. ముప్ఫై చిల్లర ఏళ్లు ఫైళ్లు కదిపి, రిటైరైన మర్నాడు కవి అయినాయన. రైల్వే మనిషి అయ్యే అవకాశమే ఎక్కువ. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ దానికి కేంద్రమయ్యాక ఈ ఊరికి గుమాస్తాల కొరత లేదు. గుమాస్తాల్లో కవుల కొరత అసలే లేదు.

సొంత డబ్బుతో పుస్తకం వేస్తారు. ఐదొందల కాపీలు. లోపలి పేజీలో ప్రచురణ సంస్థ పేరు ఉంటుంది, అది భార్య పేరే. ఆ సంగతి ఆవిడకు ఆవిష్కరణ సభలో వేదిక మీదకు పిలిచినప్పుడే తెలుస్తుంది. వెల దగ్గర ‘150 రూపాయలు’ అని అచ్చేస్తారు గానీ ఆ ధరకు కొన్నవాళ్లెవరో ఆయన వేళ్ల మీద లెక్కపెట్టగలరు. మిగతావన్నీ గౌరవ ప్రతులే. ‘...గారికి సాహితీ నమస్సులతో’ అని మొదటి పేజీలో రాసి, సంతకం చేసి, తేదీ వేసి పోస్టులో పంపడానికే ఆయన పుట్టారు.

ఎవరెవరికి పంపాలి? దానికో లాంగ్ నోట్‌బుక్కు ఉంది. పత్రికల్లో పుస్తక సమీక్షకులు మొదట. సమీక్షకి రెండేసి ప్రతులు పంపమంటారు గనక అక్కడే రెట్టింపు బరువు. తరవాత అవార్డు కమిటీలు. వీళ్లకు నాలుగేసి ప్రతులు కావాలి, ఎంపిక కాని పుస్తకాలు వెనక్కి రావు. ఆపైన యూనివర్సిటీల తెలుగు శాఖలు, ఎన్నడో ఒక సభలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు, తన పాత పుస్తకాన్ని ఫేస్‌బుక్‌లో లైక్ చేసినవాళ్లు. చిరునామాలు చూడకుండానే చెప్పగలరు. రాజమండ్రి 533101, తెనాలి 522201, కరీంనగర్ 505001 అని మనవళ్లు ఎక్కాలు చదివినట్టు చదువుతారు. ఆయన కవితల్లో ఒక్కటీ ఆయనకు ఇంత ధారణగా రాదు.

ఈ మహాయజ్ఞమంతా ఇన్నాళ్లూ నడిచింది బుక్‌పోస్టు పుణ్యమా అని. పెళ్లిళ్లు చేసిన ఇళ్లన్నిటికీ ఆ మాట తెలుసు. పసుపు పూసిన శుభలేఖ కవరు అంటించకుండా, మడత లోపలికి దోపి, మూల ‘బుక్‌పోస్ట్’ అని రాసి డబ్బాలో వేసేవాళ్లం. పుస్తకానికీ ఇంచుమించు అదే పద్ధతి. లోపల ఏముందో పోస్టువాళ్లు విప్పి చూసుకునేలా కట్టాలి, సొంత ఉత్తరం పెట్టకూడదు. అచ్చు పుస్తకాలకు వంద గ్రాములకు రూపాయి. రిజిస్టర్ చేయిస్తే మరో 17. పన్నుతో కలిపి కిలో పుస్తకాలు 32 రూపాయలకు, ఐదు కిలోలు 80 రూపాయలకు దేశంలో ఏ మూలకైనా చేరేవి. సిటీబస్సులో సీటు దొరకడం కష్టం గానీ కన్యాకుమారిలోని తెలుగు లెక్చరర్‌కి పుస్తకం చేరడం కష్టం కాదనేవారు గౌరవప్రతి గారు.

తెలుగువాడి ఇంట్లో పుస్తకాల బీరువా నింపడంలో పోస్టు పాత్ర తక్కువది కాదు. మచిలీపట్నంలో పుట్టి సికింద్రాబాద్‌లోనూ కొట్టు తెరిచిన ఎం. శేషాచలం అండ్ కంపెనీ, అదే ఎమెస్కో, ఇంటింటా గ్రంథాలయం అంటూ చందాదారుల్ని చేర్చుకుని పోస్టులో పుస్తకాలు పంపింది. ఆ ప్యాకెట్లు అందుకున్న ఇళ్లలో పెరిగిన పిల్లవాడే ఈయన. కాకపోతే అప్పట్లో పుస్తకం రావాలని ఎదురుచూసేవారు, ఇప్పుడు పుస్తకం అందిందన్న కబురు రావాలని ఎదురుచూస్తున్నారు.

2024 డిసెంబరు 18న బుక్‌పోస్టు పోయింది. చాటింపు లేదు, సంతాపం లేదు. పోస్టాఫీసు కంప్యూటర్లో ఆ పేరే కనిపించకుండా పోయింది. సరిగ్గా మర్నాడు హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన మొదలైంది! గౌరవప్రతి గారి మూడో సంపుటి ఆవిష్కరణ కూడా ఆ పదిరోజుల్లోనే. సభ అయ్యాక ఐదు కిలోల కట్టతో కౌంటర్ దగ్గరికి వెళితే రిజిస్టర్డ్ పార్శిల్‌కి రెండొందలు దాటుతుందన్నారు. “ఎనభై కదమ్మా?” అన్నారు. “అది నిన్నమొన్నటి మాట సార్” అంది కౌంటర్లోని అమ్మాయి. ఆయన కట్టని చంకలో పెట్టుకుని ఇంటికి నడిచారు. ఆటోకి డబ్బులెందుకు దండగ అని కాదు, ఆ పూటకి ఖర్చు అన్న మాటే ఆయనకు గిట్టలేదు.

ఆ తరవాతి నాలుగు నెలల కాలాన్ని ఆయన ఇంట్లో ‘పాసుల కాలం’ అంటారు. పోస్టు పోతేనేం, రైల్వే పాసుంది! శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో పాతిక ప్రతుల సంచీతో బెజవాడ బయల్దేరారు. టికెట్టు సున్నా కాబట్టి రవాణా ఖర్చు కూడా సున్నా అని ఆయన లెక్క. అయితే కవులెవరూ స్టేషన్ పక్కన కాపురం ఉండరు. ఒకాయన పటమటలో, ఇంకొకాయన భవానీపురంలో, మూడో ఆయన గన్నవరం దారిలో. ఆటోలకి ఎంతయిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. అసలు దెబ్బ అది కాదు. పుస్తకం చేతికిస్తే పుస్తకం తిరిగివ్వడం మన సాహిత్య మర్యాద. పాతిక తీసుకెళ్లి ముప్ఫై ఒకటి మోసుకొచ్చారు.

“ఇదేమిటండీ, వెళ్లినప్పటికంటే బరువుగా వచ్చింది సంచీ?” అన్నారు ఇల్లాలు.

“ఇచ్చిపుచ్చుకోవడం” అన్నారాయన కాళ్లు కడుక్కుంటూ.

కరీంనగర్, జగిత్యాల వైపు మాత్రం వేరే ఏర్పాటు చేశారు. జూబ్లీ బస్‌స్టేషన్‌లో ఆర్టీసీ కార్గోకి ఒక్క కట్ట వేసి, అక్కడ ఒక మిత్రుడికి ఫోన్ చేసి “తమ్ముడూ, నీ కాపీతో పాటు ఇంకో పద్ధెనిమిది ఉన్నాయి, పంచిపెట్టు” అన్నారు. ఆ తమ్ముడు ఇప్పుడు ఈయన నంబరు చూస్తే ఫోనెత్తడం లేదు.

అమెరికా పంపిణీ ఇంకా చిత్రం. డాలస్‌లో, న్యూజెర్సీలో తనకు పాఠకులున్నారని ఆయన నమ్మకం. విదేశీ పోస్టేజీ విని ఏనాడో దండం పెట్టేశారు. ఎదురింటి అమ్మాయి అమెరికా వెళుతోందంటే చాలు, పది కాపీలు పట్టుకుని ప్రత్యక్షమవుతారు. ఒక్కో పెట్టెకి 23 కిలోలే. తూకం యంత్రం మీద పెట్టె ఎక్కిస్తారు, కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. ఒక చేత్తో గోంగూర పచ్చడి డబ్బా, ఇంకో చేత్తో కవిత్వం పట్టుకుని ఆ అమ్మాయి తల్లి క్షణం కూడా ఆలోచించదు. 2025 ఆగస్టు చివర్లో మన తపాలా శాఖ అమెరికాకి బట్వాడా ఆపేసి, అక్టోబరు 15కి గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. ట్రంప్ సుంకాల గొడవ వల్ల వచ్చిన అడ్డంకి అది. గౌరవప్రతి గారు మాత్రం “చూశారా, ఇప్పుడు పోస్టులో పంపుదామన్నా లేదు” అంటూ పచ్చళ్ల ఇళ్ల చుట్టూ మరింత ధీమాగా తిరిగారు.

అంతకుముందే, 2025 మే 1న, పుస్తకాల కోసం తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ తెచ్చింది. పన్ను గాక 300 గ్రాములకు 20 రూపాయలు, 500 వరకు 25, కిలోకి 35, ఐదు కిలోలకు వంద. బుక్‌పోస్టు అంత చవక కాదు గానీ మనిషి బతికి బట్టకట్టే ధర. ప్యాకెట్ ఎక్కడుందో ఫోన్లో చూసుకోవచ్చు కూడా. కాకపోతే షరతులున్నాయి. విద్యకో సమాజానికో సంస్కృతికో మతానికో చెందిన అచ్చు పుస్తకం అయి ఉండాలి. ప్రచురణకర్త పేరో ముద్రాపకుడి పేరో ఉండాలి.

“ఇది ఏ రకం సార్?” అని అడిగింది కౌంటర్లో అమ్మాయి.

“కవిత్వమమ్మా.”

“గట్ల కాదు సార్. చదువుదా, సంస్కృతిదా, దేవునిదా?”

ఆ అమ్మాయి నడిమధ్యలో ఒక పేజీ తెరిచింది. అది ఆయన డెబ్భయ్యో ఏట రాసిన ప్రేమకవిత. చదివి, ఆయన మొహంలోకి ఒకసారి చూసి, మళ్లీ పేజీలోకి చూసింది.

“సంస్కృతి కింద వేసుకోమ్మా” అన్నారాయన గొంతు తగ్గించి.

“సరే సార్. ఈ పబ్లిషర్ మేడం సంతకం ఏమన్న...”

“ఆవిడకి ఈ పుస్తకం గురించి అంతగా తెలియదమ్మా.”

వరసలో వెనకున్నాయన దగ్గినట్టు నటించాడు. ఇలాంటి ప్రశ్నలే షాడో నవలల కట్ట పంపబోయే వాళ్లకు ఎదురైతే ఏం చెబుతారో ఊహించుకోవచ్చు. డిటెక్టివ్ నవల విద్యా, సంస్కృతా అన్నది పెద్ద పెద్ద విమర్శకులే తేల్చలేదు, కౌంటర్ అమ్మాయి ఎలా తేలుస్తుంది!

ఆ ఏడాదే రిజిస్టర్డ్ పోస్టు వెళ్లి స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది, అక్టోబరు 1 నుంచి స్పీడ్‌పోస్టు ధరలు మారాయి. జ్ఞాన్ పోస్ట్ నేల దారిన నెమ్మదిగా వెళుతుంది గనక, అవార్డుకి ఆఖరు తేదీ ముంచుకొచ్చినప్పుడు స్పీడ్‌పోస్టే గతి. పావుకిలో దాటి అరకిలో లోపు ప్యాకెట్ ఊళ్లోకే అయితే 28 రూపాయలు, కరీంనగర్‌కి 70, బెజవాడకి 75. పన్ను వేరే. ఈ పట్టికను గౌరవప్రతి గారు దేవుడి పటం పక్కన అంటించారు. అది అంటించిన రోజు నుంచి ఆయన సాహిత్య దృష్టిలో గొప్ప మార్పు వచ్చింది. గుంటూరులో ఒకాయన్ని ఇరవై ఏళ్లుగా ‘మహా విమర్శకుడు’ అనేవారు, ఇప్పుడు “ఆయనకి నవ్యత్వం పట్టుబడలేదు” అంటున్నారు. నాచారంలో, తార్నాకలో ఉన్న ఒక మోస్తరు కవులందరూ ఒక్కసారిగా లోతైన పాఠకులైపోయారు. నోట్‌బుక్కులో పేర్ల పక్కన ఎర్ర సిరాతో గుర్తులు పడ్డాయి. ‘వాట్సాప్‌లో బొటనవేలు మాత్రమే’ పెట్టినవాళ్లు మూడో తరగతి. ‘పుస్తకం అందింది, చదివి రాస్తాను’ అన్నవాళ్లు రెండో తరగతి. వీళ్లెవరూ రాయరని ఆయనకు తెలుసు, కానీ ఆ వాక్యానికి కూడా విలువ ఉంది. పోస్టుకార్డు ఇప్పటికీ అర్ధరూపాయే. అర్ధరూపాయి పెట్టి కార్డు రాసినవాళ్లు మొదటి తరగతి. ఆ పేజీలో నలుగురున్నారు.

ఒకప్పుడు ప్యాకెట్ తిరిగొస్తే ఆయన మనసు చిన్నబుచ్చుకునేవారు. ‘తలుపు తాళం’ అని రాసొస్తే ఒక దిగులు, ‘విలాసదారు మరణించారు’ అని వస్తే ఇంకో దిగులు. ఇప్పుడు తిరిగొచ్చిన ప్రతిని తుడిచి, మొదటి పేజీ మాత్రం జాగ్రత్తగా బ్లేడుతో కోసి, మళ్లీ వాడుతున్నారు. అబిడ్స్ ఆదివారం సంతలో తన సంతకంతో తన పుస్తకమే కనిపించిన రోజున స్నేహితులు ఓదార్చబోయారు. ఆయన ఓదార్పు తీసుకునే స్థితిలో లేరు. “అంటే ఇక్కడ కొనేవాడు ఒకడున్నాడన్నమాట!” అని, మరుసటి ఆదివారం పది కాపీలు తీసుకెళ్లి ఆ పేవ్‌మెంటు మీదే ఇచ్చేసి వచ్చారు. ఎలాగూ చేరే చోటికి నేరుగా చేర్చడంలో మధ్యలో తపాలా ఖర్చు మిగిలింది.

డెన్మార్క్‌లో 2025 ముగిసేసరికి తపాలా సంస్థ ఉత్తరాల బట్వాడానే మానుకుందని పేపర్లో చదివి ఆయన రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ దేశపు కవులు ఏమైపోతారో అన్న బెంగతో ఆ రాత్రి ఒక కవిత కూడా రాశారు. అది నాలుగో సంపుటిలో చేరింది.

నాలుగో సంపుటి దగ్గరే కథ ముదిరింది. డమ్మీ కాపీ తెచ్చి, కవరులో పెట్టి, వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టారు. 312 గ్రాములు. 300 దాటింది కాబట్టి 20 రూపాయల గడి తప్పి 25 రూపాయల గడిలో పడుతుంది. ప్రతికి ఐదు రూపాయలు. మూడొందల గౌరవ ప్రతులకు పదిహేను వందలు! కవరు మార్చి తూచారు. సెలోటేపు పీకేసి తూచారు. లాభం లేక ప్రెస్సుకు వెళ్లారు.

“80 జీఎస్ఎం మ్యాప్‌లితో కదండీ, 70కి దిగితే ముప్ఫై గ్రాములు దిగుతుంది” అన్నాడు ప్రెస్సాయన.

“వెనకపేజీ అక్షరాలు ఇటు కనిపిస్తాయి. నా కవితలో నాదే ఇంకో కవిత కలిసిపోతుంది.”

“అయితే ఒక ఫారం తీసేయండి. 16 పేజీలు. ఇరవై గ్రాముల దాకా తగ్గుతుంది.”

ఆ 16 పేజీలు ఎక్కడివి? 224 పేజీల పుస్తకంలో ముందుమాటలే ఐదు, ముప్ఫై పేజీలు. అంకితం, కృతిభర్తతో దిగిన ఫోటో, ‘నా మాట’, గత సంపుటాలపై ప్రముఖుల అభిప్రాయాలు ఇంకో పన్నెండు. ముందుమాట తీసేస్తే రాసినాయన ఊరుకోడు, పైగా ఆయన మొదటి గౌరవ ప్రతి అందుకోవలసినవాడు. అభిప్రాయాలు తీసేస్తే పుస్తకం మంచిదని పాఠకుడికి ఎలా తెలుస్తుంది? రాత్రంతా ఎర్రపెన్నుతో కూర్చుని, తెల్లారేసరికి తొమ్మిది కవితలు తీసేశారు. డెన్మార్క్ కవిత కూడా వాటితోనే వెళ్లిపోయింది. కొత్త డమ్మీ 293 గ్రాములు తూగింది.

“పదిహేను వందలు మిగిల్చాను” అన్నారు కాఫీ అందుకుంటూ.

“తీసేసినవి ఏం చేస్తారు?” అన్నారు ఇల్లాలు, అంటే ప్రచురణకర్త.

“పారేస్తామా! విడిగా చిన్న పుస్తకం వేద్దాం. నూరు గ్రాములు కూడా తూగదు.”

“దానికి పోస్టేజీ?”

“ఎంత చిన్నదైనా ఇరవయ్యే.”

ఆవిడ త్రాసు తీసి గట్టు మీద దాని చోట పెట్టేసి, ఇరవైని మూడొందలతో హెచ్చవేసి ఆరు వేలని చెప్పారు. ఆయన వినిపించుకోలేదు. తొమ్మిది కవితల పుస్తకానికి ముందుమాటలు రెండు చాలా, మూడు కావాలా అన్నది తేల్చుకోవడానికి నోట్‌బుక్కు తీసుకుని డాబా మీదకి వెళ్లారు.