లోపల ఏమీ లేదండీ!

మన ఇళ్లలో గ్రీటింగు కార్డు చేతికిస్తే ముందు బొమ్మ చూసేవాళ్లు తక్కువ. తలకిందులు చేసి ఓసారి దులుపుతారు. ఏమీ రాలకపోతే తెరిచి మడతలో వేలు పెట్టి వెతుకుతారు. అప్పటికీ ఏమీ దొరక్కపోతే "చాలా బావుందండీ" అని ఫ్రిజ్ మీద పడేస్తారు. పక్కన ఇంకొకాయన రూపాయి బిళ్ల అంటించిన కొట్టు కవరులో ఐదువందల పదహార్లు పెట్టి ఇస్తే, అది మాత్రం నేరుగా బీరువాలోకి వెళ్తుంది.

అయినా నేను కార్డులు చేస్తూనే ఉన్నాను. బ్యాంకులో రిటైరయ్యాక తోటివాళ్లు కొందరు వాకింగూ, కొందరు ప్రవచనాలూ పట్టుకున్నారు. నేను కాగితం పట్టుకున్నాను.

క్రిస్మస్ కార్డనేది పుట్టిందే బద్ధకంలోంచి. 1843లో లండన్లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషికి క్రిస్మస్ ఉత్తరాలకు జవాబులు రాసే తీరిక లేకపోయింది. జాన్ కాల్‌కాట్ హార్స్లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ గీయించి, వెయ్యి కార్డులు అచ్చు వేయించాడు. తనకు కావలసినవి వాడుకుని, మిగిలినవి షిల్లింగుకొకటి చొప్పున అమ్మకానికి పెట్టాడు. ఆ బొమ్మలో చిన్నపిల్ల చేత వైను తాగిస్తున్నారని మద్యనిషేధం వాళ్లు గొడవ కూడా చేశారు. పని తప్పించుకోవడానికి ఆయన కనిపెట్టినదాన్ని పట్టుకుని పని కల్పించుకుంటున్న బాపతు మేము. రెండే మాటల శుభాకాంక్షలకి నాకు ఒక పూట పడుతుంది. మధ్యలో ఎవరైనా కాఫీకి పిలిస్తే చిరాకు కూడా.

కార్డులకి బొమ్మలు కోసే మిషను మా అమ్మాయిది. డాలస్‌లో ఈ సరదా పట్టుకుని, కొన్నాళ్లకు మోజు తీరి, "నాన్నా, నీకు కాలక్షేపం" అంటూ సూట్‌కేసులో వేసుకొచ్చింది. దాని బరువుకు చాక్లెట్లు తగ్గిపోయాయని మా ఆవిడ ఇప్పటికీ దానితో మాట్లాడదు. రెండు రోలర్లు, పక్కన తిప్పే పిడి. చూసినవాళ్లంతా చెరుకురసం బండి అనే అంటారు. అడుగున ఒక ప్లాస్టిక్ పలక, దాని మీద కాగితం, ఆ పైన పదునువైపు కిందికి తిప్పి డై (ఆకారం కోసే లోహపు అచ్చు), మళ్లీ పైన ఇంకో పలక. ఈ దొంతరని రోలర్ల మధ్యకి తోసి పిడి తిప్పాలి. సగం దూరం వెళ్లేసరికి కటకటమని ఏదో విరిగిన చప్పుడవుతుంది. కొత్తవాళ్లు అక్కడే హడలిపోయి ఆపేస్తారు. ఆపకూడదు. పళ్లు బిగపట్టి తిప్పితే అవతలి పక్క నుంచి సీతాకోకచిలుక ఊడిపడుతుంది.

ఊడిపడితే అదృష్టమే. సన్నపని ఉన్న డై అయితే కాగితం అందులోనే ఇరుక్కుంటుంది. డై వీపున ఆవగింజంత చిల్లులుంటాయి. వాటిలోంచి సూది పెట్టి ఒక్కో రెక్కా, ఒక్కో మీసమూ పొడిచి బయటికి లాగాలి. డైతో కొయ్యడమనే ఈ విద్య 19వ శతాబ్దంలో బూట్ల తయారీవాళ్లు తోలు కొయ్యడానికి వాడుకున్నదే. అప్పట్లో ఒక దెబ్బకి ఒక అట్ట తెగేది, ఎవరో ఒకరు దాన్ని వేసుకుని నాలుగూళ్లు తిరిగేవారు.

కార్డు మీద అచ్చేసే స్టాంపుల విషయంలో మాత్రం నాకెవరూ నేర్పక్కర్లేదనుకున్నారు ఇంట్లోవాళ్లు. ఉద్యోగమంతా ప్యాడు మీద ఒకటి, వోచరు మీద ఒకటి, కౌంటరు అదిరేలా గుద్దినవాణ్ణి కదా! ఈ పారదర్శక స్టాంపులకి ఆ మర్యాద పడదు. మెత్తటి పాలిమరు రేకు, తన జిగురుతో తనే అక్రిలిక్ దిమ్మకి అతుక్కుంటుంది. ఇంకు ప్యాడుతో దాన్ని తట్టీ తట్టనట్టు తట్టి, కాగితం మీద నిలువుగా దించి, అరచేత్తో అదిమి, కదలకుండా పైకి తియ్యాలి. గుద్దితే పువ్వుతో పాటు దాని చుట్టూ ఉన్న అంచు కూడా అచ్చవుతుంది.

వచ్చిన చిక్కల్లా ఆ స్టాంపుల మీద మాటలన్నీ ఇంగ్లీషువే. తెలుగులో కావాలని కోర్టు దగ్గర రబ్బరు స్టాంపుల కొట్టుకి వెళ్లాను.

"ఏం రాయమంటారు సార్?"

"జన్మదిన శుభాకాంక్షలు."

"పేరు?"

"పేరు వద్దు."

"హోదా?"

"అదీ వద్దు."

"హోదా లేకపోతే ఏ ఆఫీసులోనూ చెల్లదు సార్," అన్నాడు జాలిగా.

సాయంత్రం వెళ్తే స్టాంపు సిద్ధంగా ఉంది. చుట్టూ రెండు గీతల చట్రం, కింద 'తేదీ' అని చుక్కలు. అలవాటు కొద్దీ పడిపోయాయట. ఆ స్టాంపుతో మొదటి కార్డు మా మనవడికి చేశాను. వాడు పుట్టినట్టు ప్రభుత్వం ధ్రువీకరించినట్టే ఉంది. ఎలాగూ చోటుంది కదా అని తేదీ వేసి సంతకం కూడా పెట్టాను.

మా అమ్మాయి ఫోనులో 'లేయరింగ్ స్టాంపులు' అని గొప్పగా చెప్తుంది, ఒక్కో రంగుకి ఒక్కో స్టాంపట. పక్కనే పెడనలో కలంకారీవాళ్లు గీతకో అచ్చు, నింపడానికి రంగుకో అచ్చు టేకు చెక్కలో చెక్కించుకుని ఎన్నాళ్ల నుంచో ఆ పనే చేస్తున్నారు. కాకపోతే వాళ్లు దానికి వీడియోలు పెట్టలేదు.

కాగితానికి నేను పైసా ఖర్చు పెట్టను. ఇంట్లో పాత శుభలేఖలు అటక నిండా ఉన్నాయి. ప్రతిదాని మీదా వినాయకుడో, వెంకటేశ్వరస్వామో ఉంటాడు కాబట్టి చెత్తబుట్టలో వెయ్యకూడదు. దళసరి అట్ట, బంగారు రేకు, ముఖమల్ పువ్వులు! విదేశాల్లో ఇలాంటి కాగితానికి డాలర్లు పోస్తారు. అయితే మా ఆవిడ షరతు పెట్టింది: "ఏవండీ, దేవుడి మీద మాత్రం కత్తి పెట్టకండి." కాబట్టి దేవుణ్ణి ముందు గుండ్రంగా, క్షేమంగా బయటికి తియ్యాలి. దానికి చేత్తో నొక్కితే గుండ్రంగా కోసే పంచ్ ఒకటుంది గానీ, దాని నోరు అంచు నుంచి కాస్త దూరమే లోపలికి పోతుంది. వినాయకుడు మధ్యలో కూర్చుని ఉంటే అందడు, అప్పుడు మిషనే శరణ్యం. అలా విడివడిన వినాయకులు ఒక బిస్కట్ల డబ్బాలో చేరుతున్నారు. మూత పడటం లేదు.

ఇంకో తిరకాసు శుభలేఖల మూలలకి పెట్టిన పసుపు. ఎంత తుడిచినా పోదు. పాత కొలీగు ఒకాయనకి షష్టిపూర్తి కార్డు ఇస్తే, మూల చూసి కళ్లకద్దుకుని, "ముహూర్తం ఎప్పుడండీ? అమ్మాయికి పెళ్లి అయిపోయిందిగా!" అన్నాడు. లోపల సీతాకోకచిలుక స్ప్రింగు మీద ఊగుతోంది. దాన్ని ఆయన చూడనే లేదు.

ఇన్నాళ్లకి నా విద్యకి ఒక ఆర్డరు వచ్చింది, అదీ మా బావమరిది దగ్గర నుంచి. "బావా, ఆ పువ్వులూ చిలకలూ కార్డుల మీద ఎందుకు? చదివింపుల కవర్ల మీద వెయ్యి. మనవాళ్లందరికీ తలా పది కావాలి." అలిగాను గానీ ఒప్పుకున్నాను. కవరు మీద పంచ్‌తో గుండ్రని కిటికీ తీసి, వెనక అట్ట వేసి, అందులో రూపాయి బిళ్ల కూర్చోబెట్టాలని నా పథకం. నా పంచ్ అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు. పాత స్టీలు రూపాయి 25, దిగ్గొట్టినట్టు కూర్చుంటుంది. 2011లో వచ్చిన రూపాయి 22కి దిగిపోయింది, కిటికీలో గలగలలాడుతోంది. దాంతో మళ్లీ మా బ్రాంచికే వెళ్లి, క్యాష్ కౌంటరు ముందు నిలబడి పెద్ద రూపాయలు ఏరి ఇమ్మన్నాను. నా తర్వాత ఆ సీట్లో కూర్చున్న కుర్రాడు సంచి కుమ్మరించి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "సార్, వీటికేమైనా రేటు పెరిగిందా?"