‘వెనకదానికి 19లో 133’: టీకా తాత్పర్య సహితం

మూలం: వెనకదానికి 19లో 133.

అవతారిక: పెన్సిల్వేనియాలో మా బావగారి ఇంటి బేస్‌మెంట్‌లో, ప్లైవుడ్ బల్లల మీద పరిచిన హెచ్‌ఓ సైజు బొమ్మ రైలు పట్టాల పక్కన, గోడకి అతికించిన పసుపుపచ్చ కాగితం ముక్క మీద ఈ సూత్రం ఉంది. కర్త బావగారే. పెన్సిలుతో రాసి ఆరేళ్లయిందట. అర్థం ఆయనే మర్చిపోయారు. వ్యాఖ్యానం పుట్టడానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదు. సూత్రమన్నాక అక్షరాలు తక్కువుండాలి, సందేహం ఉండకూడదు అంటారు పెద్దలు. మొదటి లక్షణం ఇందులో పుష్కలంగా ఉంది.

ప్రతిపదార్థం

వెనకదానికి = చివర ఉన్నదానికా? వెనక్కి తిరిగి ఉన్నదానికా? వివాదం మొదటి పదంలోనే మొదలు. 1939లో జనరల్ మోటార్స్ వాళ్లు అమెరికా అంతా తిప్పి చూపించిన ఎఫ్‌టీ డీజిలు బండి నిజానికి నాలుగు ఇంజన్లు. అన్నీ కలిసి 5400 గుర్రాల బలం, నడిపేవాడు ఒక్కడు. రెండు కొసలా క్యాబులున్నవి, మధ్యలో క్యాబు లేనివి రెండు. ఆ వంశంలోనే తర్వాత పుట్టిన ఎఫ్‌7 బొమ్మలు మూడు మా బావగారి దగ్గరున్నాయి. ముందుది ముఖమున్నది. మధ్యది మొండెం, దాన్ని మా అక్క కబంధుడంటుంది. మూడోదానికి మళ్లీ ముఖముంది గానీ, అది పోయే దారిని కాక వచ్చిన దారిని చూస్తుంటుంది. కాబట్టి అర్థాలు రెండూ ఒకే ఇంజనులో కుదిరాయి, దీన్ని శ్లేష అనుకోవాలి. అయినా అసలు కారణం ముఖం తిప్పుకోవడమే. తోకన ఉండి కూడా ముందుకే చూసే ఇంజనుకి ఈ సూత్రం వర్తించదు.

(కబంధుడికి ఏది ముందు? లోపల బోర్డు బిగించినవాడు ఏ కొసని ముందనుకుంటే అది. ఇంతకు మించి తవ్వకూడదు.)

19లో = పందొమ్మిదో సీవీలో. ఇంజను కడుపులో డీకోడర్ అనే చిన్న బోర్డు ఉంటుంది. అందులో అంకెలు దాచుకునే అరల్నే సీవీలంటారు. ఒక్కో అరలో 0 నుంచి 255 దాకా పడుతుంది. 1వ అరలో ముద్దుపేరు, 17, 18 అరల్లో కలిపి నాలుగంకెల అసలు పేరు. 19లో ఉండేది గోత్రం. మూడు ఇంజన్ల పేర్లు వేరైనా ముగ్గురిదీ ఒకే గోత్రమని రాసి పెడితే, థ్రాటిల్ మీద ఆ గోత్రం పిలవగానే ముగ్గురూ లేస్తారు. దీన్నే ఈ విద్యలో కన్సిస్ట్ కట్టడం అంటారు.

133 = 128 + 5. గోత్రం 5. మరి 128 ఎక్కడిది? గోత్రాలు 127తో సరి, ఏడు బిట్లలో పట్టేస్తాయి. ఎనిమిదో బిట్టు ఖాళీగా ఉంటే దానికో పని చెప్పారు: ‘నువ్వు తిరగబడి ఉన్నావు, ముందుకి అంటే వెనక్కి పో.’ ఆ బిట్టు విలువే 128. చూడ్డానికి సంఖ్య, చేసేది మాత్రం క్రియావిశేషణం పని.

పూర్వపక్షం: ఇదంతా ఎందుకు, పాతకాలంలో లేదే అంటాడొక పెద్దమనిషి. బావగారి స్నేహితుడు, డీసీ కరెంటు రోజుల నుంచి బొమ్మ రైళ్లు నడుపుతున్నవాడు. ఆయన మాట నిజమే. ఆ రోజుల్లో ఇంజను తన కుడిపక్క పట్టా ధనమైతే ముందుకి పోవాలి, రుణమైతే వెనక్కి పోవాలి. ఇంజనుని ఎత్తి తిప్పి పెడితే దాని కుడి ఎడమలు మారతాయి. ముందుకి పోయేది వెనక్కి పోతుంది, అంటే చూసేవాడికి ఎప్పట్లాగే తూర్పుకే. ఎటు తిరిగి నిలబడ్డా అన్నీ ఒకే దిక్కుకి పోయేవి. దిక్కు పట్టాలకి తెలుసు, ఇంజను తెలుసుకోనక్కర్లేదు.

సిద్ధాంతం: డీసీసీ అనే డిజిటల్ పద్ధతి వచ్చాక పట్టాల్లో ధనరుణాలు సెకనుకి వేలసార్లు తారుమారవుతుంటాయి, వాటిని బట్టి దిక్కు తేలదు. ఆజ్ఞలోనే ‘ముందుకి’ అని చెప్పాలి. ఎవరి ముందుకి? వినేవాడి ముందుకి. ఇంజనుకి అహంకారం పుట్టింది. ముఖం అటున్నవాడు అటు లాగుతాడు, ఇటున్నవాడు ఇటు లాగుతాడు, కబంధుడు మధ్యలో నలుగుతాడు. ఆ అహంకారానికి విరుగుడే 128. పెద్దాయన తల ఊపారు గానీ, ఒప్పుకున్నట్టు కాదు.

మతభేదాలు: ఇంజన్లన్నిటికీ 1వ అరలో ఒకే పేరు రాసేస్తే చాలంటారు కొందరు. భేదమే లేదు కాబట్టి ఇది అద్వైతం. తిరగబడ్డదాన్ని 29వ సీవీలో సరిచెయ్యాలి. చేస్తే అది ఒంటరిగా ఉన్నప్పుడు కూడా తిరగబడే నడుస్తుంది. పేరు దేనిదది, నడక మాత్రం కలిసి అనే మన సూత్రానిది విశిష్టాద్వైతం. ఇంజన్లకి ఏమీ తెలియనక్కర్లేదు, పట్టాల్లోకి ఆజ్ఞలు పంపే కమాండ్ స్టేషనే ఒక్కోదాన్నీ పేరు పెట్టి విడివిడిగా ఆజ్ఞాపిస్తుందనేది ద్వైతం. ఇది హాయే, కానీ ఇంజన్లని స్నేహితుడింటికి పట్టుకెళితే అక్కడి స్వామికి వీళ్లెవరో తెలియదు. వ్యాఖ్యాత మొగ్గు రెండోదాని వైపే.

ఛందస్సు: పట్టాల మీద పోయే ఆజ్ఞ వచనం కాదు, గణబద్ధం. 1 అంటే 58 మైక్రోసెకన్ల భాగాలు రెండు, అది లఘువు. 0 అంటే ఒక్కో భాగం 100కి తగ్గకూడదు, అది గురువు. మొదట కనీసం 14 లఘువులు వరసగా పడాలి. సర్వలఘు కందం రాసిన జాతికి ఇదో లెక్క కాదు. చివర్న ఒక అక్షరం ముందున్నవాటన్నిటితో సరిపోవాలి, ప్రాసలాంటిది. ప్రాస తప్పితే డీకోడర్ ఆ పద్యాన్ని వినదు. మన అవధానాల్లో శ్రోతలకి ఇంత పట్టుదల లేదు.

గురుపరంపర: బొమ్మల సంగతి పక్కన పెడితే, ఒక్క చోట కూర్చుని అనేక మోటారు బళ్లని నడపడం 1897లో షికాగో ఎలివేటెడ్ రైళ్లకి ఫ్రాంక్ స్ప్రేగ్ చేసి చూపించాడు. డీసీసీకి మూలపురుషుడు జర్మనీ దేశస్థుడు బెర్ండ్ లెంజ్. 1990లలో అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ దాన్ని ప్రమాణం చేసింది. కొత్తవలస–కిరండూల్ లైనులో ఖనిజం గూడ్సుకి మూడేసి ఇంజన్లు కట్టడం చూసినవాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు.

విశేషాంశం: గోత్రం కలిస్తే చాలదు, నడకా కలవాలి. ఒకే పెట్టెలోంచి వచ్చిన ఇంజన్లు కూడా ఒకే వేగంతో పోవు. ఒకరోజు వెనకది తొందరపడి తోస్తే కబంధుడు వంపులో పట్టా దిగి పక్కకి ఒరిగాడు. అప్పుడు బావగారు రెండిటినీ కప్లింగు విప్పి, మధ్య జానెడు ఎడం పెట్టి, ఒకే వేగంలో వదిలారు. మోకాళ్ల మీద కూర్చుని, గడ్డం బల్లకి ఆనించి చూస్తున్నారు. జానెడు బెత్తెడైంది. 5వ సీవీలో వెనకదాని గరిష్ఠ వేగం తగ్గించారు. ఈసారి జానెడు మూరైంది. కాస్త పెంచారు. ఎడ్లని కాడికి కట్టేముందు రైతు చేసే పనే ఇది, రైతుకి మోకాళ్ల నొప్పి తక్కువ.

ఫలశ్రుతి: మొన్న నేను వెళ్లేసరికి మూడో ఇంజను విడిగా సైడింగులో ఉంది. ‘మోటారు పోయిందోయ్’ అన్నారు బావగారు. దాని నంబరు పిలిస్తే లైటు వెలిగింది, హారన్ మోగింది, అంగుళం కదల్లేదు. పెంకు ఊడదీసి, తీగలన్నీ తడిమి, మళ్లీ మూశారు. దాన్ని అలాగే వదిలేసి, మిగిలిన రెండిటినీ నడుపుదామని 5 నొక్కారు. అవి కదిలాయి. సైడింగులో పోయిందనుకున్నదీ కదిలింది, వెనక్కి.

గోత్రం చెరపలేదు మరి. అర 19లో అంకె ఉన్నంతకాలం ఇంజను నడకకి సొంత పేరు పలకదు, లైటూ హారనూ మాత్రం పలుకుతాయి. ఆ అరలో సున్న రాసేసరికి పేరు పిలవగానే ముందుకి నడిచింది.

బావగారు పెన్సిలు తీసి సూత్రం కింద ‘విడదీశాక 0’ అని రాశారు.

‘ఎందులో 0 అని రాయలేదేం బావగారూ?’ అన్నాను.

‘టీకకి నువ్వున్నావుగా’ అన్నారు.